లెక్కల ఎమ్మెస్సీ చేసి ఫ్యామిలీ థెరపీ చదువుతున్నాను, స్టాటిస్టిక్స్‌లోనే మార్కులు పోయాయి

పాత లెక్కల టీచర్:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

పద్నాలుగేళ్ళు డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పాను. రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, ఏ పేపర్‌కి మనిషి లేకపోతే ఆ పేపర్. తర్వాత ఉద్యోగం మానేసి మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీ మాస్టర్స్‌లో చేరాను. ఎందుకు చేరానన్నది వేరే కథ, ఇక్కడొద్దు. ఇప్పుడు రెండో సెమిస్టర్. క్లాసులో నాకంటే వయసులో పెద్దవాళ్ళు ఇద్దరే, అందులో ఒకరు మా ప్రొఫెసర్.

మిగతావాళ్ళంతా సైకాలజీ నుంచో సోషల్ వర్క్ నుంచో వచ్చారు. రీసెర్చ్ మెథడ్స్ పేపరంటే వాళ్ళకు గుండెల్లో రాయి. "మీకేంటండీ, నల్లేరు మీద నడక" అని మొదటి వారంలోనే నలుగురైదుగురు అన్నారు. నేనూ నిజమే అనుకున్నాను. అడిగినవాళ్ళకల్లా కూర్చోబెట్టి స్టాండర్డ్ డీవియేషన్ చెప్పాను. తీరా మొదటి అసైన్‌మెంట్ దిద్ది ఇచ్చాక చూస్తే, అందరికంటే తక్కువ వచ్చిన ముగ్గురిలో నేనొకదాన్ని.

అసైన్‌మెంట్ ఏమిటంటే, 40 జంటల డేటా ఇచ్చారు. భార్యా భర్తా ఎవరికి వాళ్ళు నింపిన డయాడిక్ అడ్జస్ట్‌మెంట్ స్కేల్ స్కోర్లు. తెలియనివాళ్ళకోసం చెబుతున్నాను, అది స్పానియర్ 1976లో తయారుచేసిన ప్రశ్నావళి. 32 ప్రశ్నలు, స్కోరు 0 నుంచి 151 దాకా. ఎంత ఎక్కువుంటే సంసారం అంత కుదురుగా ఉన్నట్టు. పెళ్ళై ఎన్నేళ్ళయిందన్నదానికీ ఈ స్కోరుకీ సంబంధం ఉందేమో చూడమన్నారు. నేను మనిషికో వరస చొప్పున 80 వరసలు పేర్చి రిగ్రెషన్ వేశాను, అంటే ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో గీత గీసి చూశాను. టీ విలువ 2.2, పీ విలువ 0.03. పీ విలువంటే, అసలు సంబంధమే లేకపోయినా ఇంత ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశం. 0.05 లోపుంటే సంబంధం ఉన్నట్టే తీసుకుంటారు. గ్రాఫు కూడా ముచ్చటగా గీశాను. ఆ గ్రాఫు పక్కన ఎర్ర ఇంకుతో ఒకటే వాక్యం: "ఈ 80 మందీ ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్ళా?"

చదవగానే చెవులు వేడెక్కాయి. స్వతంత్ర యాదృచ్ఛిక చలరాశులంటే, ఒకదాని విలువ ఇంకోదాన్ని బట్టి ఉండనివంటే, ఏమిటో బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మొగుడూ పెళ్ళాల స్కోర్లు స్వతంత్రం కావని మాత్రం తట్టలేదు!

రెండో దెబ్బ రోల్ ప్లేలో తగిలింది. ఇద్దరు క్లాస్‌మేట్లు దంపతులుగా కూర్చున్నారు, నేను థెరపిస్టుని. ముందు వాళ్ళ చేత జెనోగ్రామ్, అంటే కుటుంబ సంబంధాల పటం, గీయించాను. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు వృత్తం, గొడవ ఉన్నచోట వంకర గీత. అత్తగారితో, ఇద్దరు పిల్లలతో కలిపి ఐదుగురు. గ్రాఫ్ థియరీ మొహమే కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది. ఫ్యామిలీ థెరపీ సిద్ధాంతకర్త బోవెన్ చెప్పిన ముగ్గురు మనుషుల త్రికోణాలు ఇందులో మొత్తం 10 ఉంటాయని, ఐదుగురిలో ముగ్గుర్ని ఎంచుకునే విధానాలు అన్నేనని వాళ్ళకు చెప్పాను కూడా. ఏడో నిమిషంలో భార్య వేషం వేసినావిడ నా వైపు తిరిగి, "మీరే చెప్పండి మేడమ్, ఇందులో తప్పెవరిది?" అంది. నేను అతని వైపు తిరిగి విడమరిచి చెప్పడం మొదలుపెట్టాను. వీడియో చూస్తూ సూపర్‌వైజర్ అక్కడే ఆపి, "టీచరుగారు బోర్డు దగ్గరికి వెళ్ళిపోయారు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకోండి.

ఇప్పుడు నా ప్రశ్నలు. కుటుంబాన్ని ఒక వ్యవస్థగా చూసే సిస్టమ్స్ థియరీ కోర్సుకి టర్మ్ పేపర్ రాయాలి, గణితంతో ముడిపడిన అంశం తీసుకోవచ్చన్నారు. రెండు ఆలోచనలున్నాయి. ఒకటి, సైకాలజిస్టు గాట్‌మన్, గణితవేత్త మర్రీ కలిసి దంపతుల మాటలకు రాసిన సమీకరణాలు. రెండోది, వాట్జలావిక్, వీక్‌లాండ్, ఫిష్ అనే ముగ్గురు థెరపిస్టులు 1974లో గణితంలోని గ్రూప్ థియరీతో మార్పుని వివరించిన పద్ధతి. రెండోది చదివాను గానీ నాకు మింగుడు పడలేదు. గ్రూపు అన్నాక మూలకాలేవి, ఆపరేషన్ ఏది, విలోమం ఏది అని చెప్పాలా వద్దా? ఏ రెండు మూలకాలు కలిపినా గ్రూపులోనే ఉంటాయి కాబట్టి కుటుంబం మారకుండా ఉంటుందంటారు. ఏ రెండు? ఎలా కలిపారు? నా స్టూడెంట్ రాసుంటే సున్నా వేసేదాన్ని.

ఏది తీసుకోమంటారు? అసలు ఈ లెక్కల బుర్రని థెరపీ గది బయట చెప్పులతోపాటు విడిచి వెళ్ళాలా? గంభీరంగానే అడుగుతున్నాను.

రెండో ఏడాది స్టూడెంట్:

అక్కా, ముందు ఆ ఎర్ర ఇంకు సంగతి. మా బ్యాచ్‌లో సగం మంది ఇదే తప్పు చేశారు. వాళ్ళకు తప్పని కూడా అర్థం కాలేదు, మీకు చెవులన్నా వేడెక్కాయి.

మీ డేటాలో ఇద్దరి స్కోర్ల మధ్య సహసంబంధం ఎంతుందో తీసి చూడండి. దంపతుల్లో 0.6 చుట్టుపక్కల ఉందనుకుందాం. ఒక్కో గుంపులో ఇద్దరే కాబట్టి విస్తృతి (వేరియన్స్) 1.6 రెట్లు పెరిగినట్టు లెక్క. అంటే పెళ్ళైన ఏళ్ళ విషయానికొస్తే మీ 80 మందీ 50 మంది కిందే లెక్క. స్టాండర్డ్ ఎర్రర్ని 1.6 వర్గమూలంతో, అంటే దాదాపు 1.26తో పెంచాలి. మీ 2.2 కాస్తా 1.74కి దిగుతుంది. స్వతంత్ర పరిశీలనలు 40 జంటలే కాబట్టి పీ విలువ 0.09 దగ్గరికి పోతుంది. ఆ ముచ్చటైన గ్రాఫు అంతటితో సరి.

కానీ ఇందులో ఇంకో మెలిక ఉంది, మా మేడమ్ దీనిమీదే రెండు క్లాసులు తీసుకున్నారు. పెళ్ళైన ఏళ్ళు అనేది ఇద్దరికీ ఒకటే సంఖ్య. అలాంటివాటికి మామూలు రిగ్రెషన్ లేని ఫలితాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. అదే "భార్యల స్కోరు ఎక్కువా, భర్తల స్కోరు ఎక్కువా" అని అడిగితే కథ తిరగబడుతుంది. అది జంట లోపలి తేడా. ఇద్దరి స్కోర్లూ కలిసి నడుస్తాయి కాబట్టి తేడా విస్తృతి తగ్గుతుంది, 80 మందినీ విడివిడిగా చూస్తే నిజంగా ఉన్న తేడా కనపడకుండా పోతుంది. ఒకే పొరపాటు, ఒకచోట అబద్ధం చెబుతుంది, ఇంకోచోట నిజం దాస్తుంది. "ఎప్పుడూ జాగ్రత్త కోసం పీ విలువ పెంచుకుంటే చాలు" అని మా క్లాసులో ఒకబ్బాయి అన్నాడు. చాలదు.

మళ్ళీ చేసి ఇవ్వమంటే డేవిడ్ కెన్నీ వాళ్ళు చెప్పిన యాక్టర్ పార్ట్‌నర్ మోడల్ చూడండి. నా ఆందోళన నా తృప్తిని ఎంత కదిలిస్తోంది అనేది యాక్టర్ ఎఫెక్ట్. నా ఆందోళన అవతలి మనిషి తృప్తిని ఎంత కదిలిస్తోంది అనేది పార్ట్‌నర్ ఎఫెక్ట్. మామూలు స్టాటిస్టిక్స్‌లో రెండోదాన్ని ఇబ్బందిగా భావించి తుడిచేస్తారు. మనకు పాఠమంతా అందులోనే ఉంది. డేటా షీట్‌లో మనిషికో వరస కాకుండా జంటకో వరస పెట్టుకోండి, అక్కడే సగం తప్పులు పోతాయి. ఒక హెచ్చరిక, ఇద్దరూ ఆడవాళ్ళో ఇద్దరూ మగవాళ్ళో అయిన జంటల్లో మొదటి గడిలో ఎవర్ని రాయాలన్నదానికి ఆధారం ఉండదు. అప్పుడు మామూలు సహసంబంధం పనికిరాదు, ఎవరు మొదటన్నదానితో పనిలేని ఇంట్రాక్లాస్ సహసంబంధం తీసుకోవాలి.

టర్మ్ పేపర్ గురించి నన్నడక్కండి, నేను జెనోగ్రామ్ మీద రాసి ఒడ్డున పడ్డాను.

సమీకరణాల పిచ్చోడు:

మేడమ్, నేను థెరపీ మనిషిని కాను. అప్లైడ్ మ్యాథ్స్ రీసెర్చ్ చేస్తున్నాను. ఒక సెమినార్ కోసం గాట్‌మన్, మర్రీ మోడల్ చదివాను కాబట్టి దూరుతున్నాను.

ఒక్క మాట, లెక్కల బుర్ర విడిచి వెళ్ళాలా అన్నారు. గాట్‌మన్ ముందు చదివింది లెక్కలే. ఎంఐటీలో గణితం, సైకాలజీ కలిపి మాస్టర్స్ చేసి, తర్వాత క్లినికల్ సైకాలజీలోకి వెళ్ళాడు. మర్రీ అంటే చిరుతపులి మచ్చలు ఎలా ఏర్పడతాయో సమీకరణాలతో చూపించిన గణిత జీవశాస్త్రవేత్త. ఇద్దరూ మరికొందరితో కలిసి 2002లో ఈ మోడల్‌ని పుస్తకంగా వేశారు.

డేటా ఎక్కడిదంటే, దంపతులు తమ మధ్య నలుగుతున్న ఒక గొడవ గురించి 15 నిమిషాలు మాట్లాడుకుంటారు. వీడియోని 6 సెకన్ల ముక్కలు చేస్తే 150 ముక్కలు. ప్రతి ముక్కలో కనిపించిన భావానికి స్కోరు. ఎగతాళికి పెద్ద మైనస్, ఆప్యాయతకు ప్లస్, అలాగన్నమాట. తర్వాత సమీకరణం ఇంతే:

ఆమె తర్వాతి స్కోరు = ఆమె స్థిరాంకం + (జడత్వం × ఆమె ఇప్పటి స్కోరు) + అతని స్కోరు ఆమె మీద వేసే ప్రభావం.

అతనికీ ఇలాంటిదే ఇంకొకటి. జడత్వం అంటే ఆ మనిషి తన మూడ్‌లోనే ఎంతసేపు ఉండిపోతారన్నది. ప్రభావం సరళరేఖ కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. అవతలివాళ్ళ స్కోరు ఒక గీత దాటితేనే పనిచేస్తుంది.

బొమ్మ సంఖ్యలతో చూడండి, కాగితం మీద పది నిమిషాల పని. ఇవి నేను అనుకున్న సంఖ్యలు, ఏ జంటవీ కావు. ఇద్దరికీ ఒకే విలువలు: స్థిరాంకం 0.3, జడత్వం 0.5. అవతలి స్కోరు 1 దాటితే ప్రభావం ప్లస్ 1. మైనస్ 1 కంటే కిందికి పోతే ప్రభావం మైనస్ 3. మధ్యలో సున్నా. స్థిర బిందువులు, అంటే చేరాక స్కోరు ఇక కదలని చోట్లు, మూడొస్తాయి. (0.3 + 1) ని 0.5తో భాగిస్తే 2.6, అది మంచిరోజు. 0.3ని 0.5తో భాగిస్తే 0.6, అది మామూలు రోజు. (0.3 − 3) ని 0.5తో భాగిస్తే మైనస్ 5.4. అది గొయ్యి.

ఇప్పుడు ఇద్దర్నీ మైనస్ 0.9 దగ్గర మొదలుపెట్టండి. తర్వాత మైనస్ 0.15, ఆ తర్వాత 0.225, అలా నెమ్మదిగా 0.6కి చేరతారు. మైనస్ 1.1 దగ్గర మొదలుపెట్టండి. తర్వాతిది మైనస్ 3.25, ఆ తర్వాత మైనస్ 4.3, ఇక నేరుగా గోతిలోకే. వాళ్ళే మనుషులు, అదే సంసారం. పొద్దున పలకరింపులో తేడా 0.2.

నాకు బాగా నచ్చింది దీని తర్వాతిది. మైనస్ 3 ప్రభావాన్ని ఎలాగో కష్టపడి సగానికి, అంటే మైనస్ 1.5కి తెచ్చారనుకోండి. గొయ్యి మైనస్ 2.4కి వస్తుంది. లోతు తగ్గింది, గొయ్యి పోలేదు. మైనస్ 1కి తెచ్చినా మైనస్ 1.4 దగ్గర ఇంకా ఉంటుంది. మైనస్ 0.7కి తెచ్చినప్పుడు లెక్క ప్రకారం మైనస్ 0.8 రావాలి. కానీ ఆ విలువ దగ్గర చెడు ప్రభావం అసలు పనిచేయదు. కాబట్టి ఆ స్థిర బిందువే ఉండదు. ఎక్కడ పడ్డా 0.6కి తేలిపోతారు. జడత్వాన్ని ఒక్కదాన్నే సున్నా చేసి చూడండి, గొయ్యి మైనస్ 2.7 దగ్గర భద్రంగా ఉంటుంది.

మీరు సున్నా వేస్తానన్న వాట్జలావిక్ వాళ్ళు చెప్పబోయింది ఇదే అనుకుంటున్నాను. వాళ్ళ భాషలో ఫస్ట్ ఆర్డర్ మార్పు అంటే వ్యవస్థ అలాగే ఉండి లోపల కదలడం, సెకండ్ ఆర్డర్ మార్పు అంటే వ్యవస్థే మారడం. మైనస్ 5.4 నుంచి మైనస్ 2.4కి రావడం మొదటిది. గొయ్యే మాయమవడం రెండోది. గ్రూప్ థియరీ బదులు స్థిర బిందువుల భాషలో చెప్పుంటే మీకూ నాకూ పేచీ ఉండేది కాదు. ఆ ముగ్గురికీ కావలసింది గ్రూపు కాదు, పోలిక. అది వాళ్ళు దాచలేదు కూడా.

గణితవేత్త స్ట్రోగాట్జ్ 1988లో రోమియో, జూలియట్ మీద రాసిన చిన్న పాఠం కూడా చూడండి. ఆమె దగ్గరికొస్తే అతను దూరం జరుగుతాడు, అతను ఇష్టం చూపిస్తే ఆమె ఇష్టం పెరుగుతుంది. రెండు సరళ సమీకరణాలే. ఇద్దరూ తిరుగుతూనే ఉంటారు, కాలంలో నాలుగో వంతు మాత్రమే ఇద్దరికీ ఒకేసారి ప్రేమ. క్లాసులో చెబితే పిల్లలు నిద్రపోరు.

లెక్కలంటే పారిపోయేవాడు:

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ "పొద్దున పలకరింపులో తేడా 0.2" దగ్గర ఆగిపోయాను. మా ఆవిడకి చూపించాను. ఆవిడ కాసేపు నా వైపు చూసి, నీది 0.4 అంది.

పాత లెక్కల టీచర్:

తమ్ముడూ, రాత్రి పదకొండింటికి షీట్ తెరిచి మీ సంఖ్యలు వేశాను. మూడు గంటలు కూర్చున్నాను. ప్రభావం మైనస్ 0.8 దగ్గర, అంచు మీద ఏమవుతుందో చూడాలని 0.01 చొప్పున తగ్గించుకుంటూ పోయాను, ప్రభావం సరిగ్గా 0.8 అయినప్పుడు గొయ్యి అడుగు గీత మీదికే వచ్చి కూర్చుంటుంది. ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడింది. 3 నుంచి 0.81 దాకా తగ్గించేదంతా చిన్న పనేం కాదు. అయినా గోతిలో పడి ఉన్న జంటకు రోజూ కనిపించేది "ఇంకా గోతిలోనే ఉన్నాం" అనే. ఇంకా ఏం లాభం, మానేద్దాం అనుకునేది సరిగ్గా అక్కడే కదా.

మరి థెరపిస్టు ఆ మైనస్ 1 గీతనే మైనస్ 6కి జరిపేస్తే? అంటే ఓర్పు పెంచితే? లెక్కలో మైనస్ 5.4 గొయ్యి ఒక్క దెబ్బకి పోతుంది. ప్రభావం 3 అలాగే ఉన్నా సరే. ఇది చాలా చవగ్గా ఉందే! పేపర్‌లో ఇదే ప్రతిపాదన పెడదామనుకుంటున్నాను.

ఇరవై రెండేళ్ళ ప్రాక్టీసు:

అమ్మా, ఆ ఆఖరి పేరా పేపర్‌లో పెట్టకు. అందుకే ఇవాళ లాగిన్ అయ్యాను.

నువ్వన్న "గీత జరపడం" ఏమిటో తెలుసా? ఆవిడకి సర్దుకుపోమని చెప్పడం. దానికి థెరపిస్టు అక్కర్లేదు, చెప్పేవాళ్ళు ఇంటినిండా ఉంటారు. నీ లెక్కలో గొయ్యి పోతుంది నిజమే, ఎందుకంటే నీ సమీకరణంలో మింగిన మాట ఎక్కడికి పోతుందో రాయలేదు. గాట్‌మన్ వాళ్ళు కొత్తగా పెళ్ళైన జంటల మీద చేసిన పనిలో తేలింది దీనికి తలకిందులు. చిన్న విసురు దగ్గరే "ఏమిటలా అన్నావు" అని పట్టించుకున్నవాళ్ళే తర్వాతి కాలంలో నిలకడగా ఉన్నారు. పెద్దదయ్యేదాకా ఊరుకున్నవాళ్ళు కాదు. అంటే చెడుని గుర్తించే గీత వాళ్ళకు పైనే ఉంది. అందుకే తర్వాత మోడల్‌లో రిపేర్ అని వేరే పదం కలిపారు. గొడవ ఒక స్థాయికి దిగినప్పుడు ఎవరో ఒకరు నవ్వుతారు, చెయ్యి పట్టుకుంటారు, "సరే, మళ్ళీ మొదట్నుంచి చెప్పు" అంటారు. ఆ పదం వేసి నీ షీట్ మళ్ళీ నడుపు.

రెండోది, ఈ మోడల్ గురించి రాసేటప్పుడు తొంభై శాతం కచ్చితంగా విడాకులు ముందే చెప్పేస్తారన్న మాట వస్తుంది. జాగ్రత్త. ఏ జంటల మీద సమీకరణం కట్టారో ఆ జంటల మీదే సరిచూస్తే ఎవరికైనా ఎక్కువ శాతమే వస్తుంది. హేమన్, స్లెప్ అనే పరిశోధకులు 2001లో ఇదే ఎత్తి చూపారు. ఒక సగం మీద కట్టి, రెండో సగం మీద పరీక్షిస్తే పట్టు బాగా సడలిపోయింది. నీకు తెలిసిన లెక్కే చేసి చూడు. వెయ్యి జంటల్లో 160 జంటలు విడిపోతాయనుకో. పరీక్ష అందులో 90 శాతాన్ని పట్టుకుంటుంది, మిగతా 840లో 20 శాతానికి పొరపాటున గంట కొడుతుంది అనుకో. పట్టుకున్నది 144, పొరపాటు 168. గంట మోగిన 312 జంటల్లో సగానికి పైగా విడిపోరు. ఆ 168లో ఒక జంట నీ ఎదురుగా కూర్చుని "మేము విడిపోతామటగా" అని అడిగితే ఏం చెబుతావు? నన్ను అడిగారు, అందుకే చెబుతున్నాను.

ఇక నీ పది త్రికోణాలు. ఆ రోల్ ప్లే గురించి చదివి నవ్వుకున్నాను, కానీ నువ్వు లెక్క సగంలో ఆపేశావు. కుటుంబంలో ఐదుగురు, త్రికోణాలు 10. నువ్వు గదిలోకి వచ్చి కూర్చున్నాక ఆరుగురు. ఆరుగురిలో ముగ్గురు అంటే 20. మిగతా పదీ ఎక్కడినుంచి వచ్చాయో చూడు. ప్రతి ఒక్కదానిలోనూ నువ్వున్నావు.

"మీరే చెప్పండి, తప్పెవరిది" అని ఆవిడ అడిగినప్పుడు నిన్ను పిలిచింది ఆ పదిలో ఒకదానిలోకి. బోవెన్ చెప్పింది ఇదే కదా. ఇద్దరి మధ్య బరువు ఎక్కువైతే మూడో మనిషిని లాగుతారు, బరువు పంచుకుంటారు, ఇద్దరి మధ్యా ఉన్నది ఎక్కడిదక్కడే ఉంటుంది. నువ్వు అతనికి విడమరిచి చెప్పడం మొదలుపెట్టగానే ఆవిడ హాయిగా వెనక్కి వాలి ఉంటుంది. వీడియో ఉంటే చూసుకో.

బుర్ర చెప్పులతోపాటు విడవక్కర్లేదు. లోపలికి తెచ్చుకో, నిన్ను కూడా లెక్కలో వేసుకో.

రెండో ఏడాది స్టూడెంట్:

పెద్దమ్మా, ఈ 20, 10 లెక్క మా సూపర్‌విజన్ గ్రూపులో వాడుకుంటాను, ఏమనుకోవద్దు. ఒక సందేహం. కో-థెరపిస్టు ఉంటే ఏడుగురు, 35 త్రికోణాలు కదా. అప్పుడు ఇంకా కష్టమా?

ఇరవై రెండేళ్ళ ప్రాక్టీసు:

35లో ఐదింటిలో మీ ఇద్దరూ ఉంటారు, కుటుంబంలో ఒకరు ఉంటారు. చూడాల్సింది వాటినే. సెషన్ అయ్యాక కారిడార్‌లో నువ్వూ కో-థెరపిస్టూ ఒక క్లయింటు గురించి చెవులు కొరుక్కుంటున్నారంటే అందులో ఒకటి వెలిగినట్టే.

పాత లెక్కల టీచర్:

మూడు వారాల తర్వాత వచ్చాను, సంగతులు చెప్పిపోదామని.

ఆ రాత్రే వీడియో మళ్ళీ చూశాను. పెద్దమ్మగారు ఎలా కనిపెట్టారో గానీ, నిజంగానే నేను అతని వైపు తిరిగిన రెండో సెకనులో ఆవిడ వెనక్కి వాలింది. అతనేమో చేతులు కట్టుకున్నాడు. అంతకుముందు నేను పదిసార్లు చూసినా నా మాటలే విన్నాను, నేనెంత బాగా చెప్పానో అన్నదే. సౌండ్ తీసేసి చూస్తే తప్ప కనపడలేదు.

అసైన్‌మెంట్ మళ్ళీ చేసి ఇచ్చాను. జంటకో వరస. మా డేటాలో సహసంబంధం 0.57 వచ్చింది, చెల్లి ఊహ దాదాపు సరిపోయింది. పెళ్ళైన ఏళ్ళకీ స్కోరుకీ సంబంధం ఉందని చెప్పడానికి ఈ డేటా చాలదని రాశాను. ఇంత చప్పటి ముగింపు రాసినందుకు మార్కులు పెరగడం నా జీవితంలో ఇదే మొదటిసారి. ఈసారి పక్కన ఎర్ర ఇంకు లేదు, పెన్సిల్‌తో ఒక టిక్కు ఉంది.

టర్మ్ పేపర్ గాట్‌మన్, మర్రీ మోడల్ మీదే రాశాను. ఓర్పు పెంచే ప్రతిపాదన తీసేయలేదు. పెట్టి, అది ఎందుకు తప్పో రెండు పేజీలు రాశాను, మింగిన మాట సమీకరణంలో ఎక్కడా లేదన్నది కూడా. ఆ మాట మీదేనని ఒప్పుకోవడానికి ఫోరమ్‌లో పెద్దమ్మ అని రాయలేను కదా, "ఒక సీనియర్ థెరపిస్టుతో సంభాషణ" అని రాశాను. రిపేర్ పదం కలిపి షీట్ నడిపితే ఒక తమాషా కనపడింది. ఇద్దరూ ఒకేసారి రిపేర్ మొదలుపెట్టక్కర్లేదు. ఒక్కరికే ఆ పదం ఇచ్చినా, అది తగినంత పెద్దదైతే, ఒకటి రెండు అడుగులు ఆలస్యంగా రెండోవాళ్ళు కూడా పైకొస్తారు. చిన్నదైతే రిపేర్ చేసినవాళ్ళు కాస్త పైకి లేచి మళ్ళీ జారతారు, రెండోవాళ్ళు అక్కడే ఉంటారు. ఆ గ్రాఫు చూస్తూ నాకు మా అమ్మానాన్నలు గుర్తొచ్చారు, అది పేపర్‌లో రాయలేదు. పేజీల పరిమితి దాటాను, దానికి కోత పడుతుందట.

గ్రూప్ థియరీ గురించి ఒక ఫుట్‌నోట్ వేశాను. ఆపరేషన్ ఏదో ఇప్పటికీ నాకు చెప్పలేదు ఎవరూ.

రెండో రోల్ ప్లే పోయిన గురువారం అయింది. వేరే ఇద్దరు క్లాస్‌మేట్లు. తొమ్మిదో నిమిషంలో ఈసారి భర్త వేషం వేసినతను నా వైపు తిరిగి, "మీరన్నా చెప్పండి, ఈమెకి అర్థమయ్యేలా" అన్నాడు. నోటిదాకా వచ్చింది. చేతిలో పెన్ను కూడా లేచింది. దాన్ని కింద పెట్టి, "ఆవిడకి ఏది అర్థం కావాలనుకుంటున్నారో ఆవిడతోనే అనండి, నేను వింటాను" అన్నాను. అతను ఇబ్బందిగా కదిలాడు. ఆవిడ నేల చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. నాకు చెమటలు పట్టాయి, వేషమేనని తెలిసినా. తర్వాత అతను కుర్చీ కొంచెం పక్కకి తిప్పుకుని ఆవిడ వైపు చూశాడు.

వీడియోలో కొలిచాను. నేను నోరు మూసుకున్నది 41 సెకన్లు. దాదాపు ఏడు ముక్కలు, 6 సెకన్ల లెక్కన.